సింగపూర్‌లో సీతమ్మ సైటు

బుధవారం పొద్దున సీతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు టీ కొట్టుకు బయలుదేరగానే పొయ్యి ఆపాలి. చీర మార్చుకుని దాచేపల్లి బస్టాండు పక్కనున్న షబ్బీర్ కొట్టుకు వెళ్ళాలి. అరగంటలో పని ముగించుకుని, ఆయన తిరిగొచ్చేసరికి మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుని తొడిమలు తీస్తూ కనిపించాలి. ఇంత చిన్న పథకం శుక్రవారానికల్లా తన వాకిట్లోకి నలభై మంది చుట్టాలను, ఒక గడ్డపారను తెచ్చిపెడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

సీతమ్మ కారాలు చేస్తుంది. గొడ్డుకారం, వెల్లుల్లి కారం, కరివేపాకు కారం, కందిపొడి. పదకొండేళ్ళ నుంచీ ఇదే పని. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఆమె కారం లేనిదే ఇడ్లీ గొంతు దిగదు. ఆ దారిన పోయే లారీ డ్రైవర్లు రెండేసి పొట్లాలు సీటు కింద పెట్టుకుని మరీ పోతారు. చేతులు ఆమెవి, చెమట ఆమెది, ఆఖరికి తుమ్ములు కూడా ఆమెవే. పొట్లం మీద పేరు మాత్రం ‘యల్లమంద కారప్పొడులు’. పేరు పక్కన ఆమె భర్త యల్లమంద ఫొటో ఉంటుంది, తెల్లచొక్కా, భుజాన కండువా, జోడించిన రెండు చేతులతో. వార్డు మెంబరుగా నిలబడినప్పుడు తీయించుకున్న ఫొటో అది. ఎన్నిక పోయింది, ఫొటో మిగిలింది. మిగిలినదాన్ని ఎక్కడో ఒకచోట అంటించాలి కదా.

ఒకరోజు క్వార్టర్సులో ఒకావిడ, "మీ ఆయన ఎంత బాగా దంచుతాడమ్మా ఈ కారం!" అని మెచ్చుకుంది. సీతమ్మ నవ్వి ఊరుకుంది గానీ, ఇంటికొచ్చాక ఆ పూట రోకలి ముట్టుకోలేదు. పొలం మామగారి పేరు మీద నుంచి మొగుడి పేరు మీదకు వచ్చింది. ఇల్లూ అంతే. కరెంటు మీటరు ఆయన పేరే, గ్యాసు బండ ఆయన పేరే. లోకంలో ఒక్క వస్తువైనా తన పేరు మీద ఉండాలని ఆమెకు ఆ రోజు అనిపించింది. పెద్ద కోరికేమీ కాదు. కానీ ఒకసారి పుట్టాక మరి పోలేదు.

దానికి తోడు పోయిన నెలలో టై కట్టుకున్న మనిషొకడు ఇంటికొచ్చి యాప్ చేయించుకోమన్నాడు. "యాప్ తెరవగానే సారు ఫొటో వచ్చి నమస్కారం పెడుతుందండీ," అన్నాడు. యల్లమంద అక్కడికక్కడే కరిగిపోయాడు. సీతమ్మ ఆ మనిషికి భోజనం పెట్టి పంపించి, వీధిలో ఆగి ఉన్న ముగ్గురు లారీ డ్రైవర్లను యాప్ సంగతి అడిగింది. ఇద్దరు ఫోనులో చోటు లేదన్నారు. మూడోవాడు, "మా పిల్లల ఫొటోలు తీసేసి మీ కారం పెట్టుకోమంటావా అమ్మా?" అని నొచ్చుకున్నాడు.

బస్టాండు దగ్గర కంప్యూటర్ల కొట్టు నడిపే షబ్బీర్ కూడా అదే మాట చెప్పాడు. "యాప్ వద్దు పిన్నీ. ఫోన్లో తెరుచుకునే సైటు చాలు. లింకు నొక్కితే వస్తది. చూసుకుంటారు, ఆర్డరిస్తారు, పోతారు."

"అంతేగా మరి! కారం కొనటానికొచ్చినోళ్ళని ముందు మా రోలు మోసుకుపోయి మీ ఇంట్లో పెట్టుకోమంటే ఎట్టా? అరుగు మీదకొచ్చి కొనుక్కుపోయేట్టు ఉండాల," అంది సీతమ్మ. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు గంటసేపు బొమ్మలు గీసి చెప్పే సంగతి అది. ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది.

ఆ సైటు పనే ఈ బుధవారం. కంప్యూటరు ముందు కూర్చున్న షబ్బీర్ ఒక్కొక్కటే అడిగాడు.

"పేరేం పెట్టమంటావు పిన్నీ?"

"సీతమ్మ కారం."

"రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదే."

"మరి బాబాయి ఫొటో?"

"ఫొటో ఎవరిదీ వద్దు. మిరపకాయలది పెట్టు. అయ్యి చేతులు జోడించవు."

తెర మీద ఎర్రటి మిరపకాయల పైన ‘సీతమ్మ కారం’ అని తెల్లటి అక్షరాలు వచ్చాయి. సీతమ్మ కళ్ళజోడు తుడుచుకుని చూసింది. ఇంకోసారి చూపించమంది. షబ్బీర్ ఆపేసి మళ్ళీ తెరిచాడు. మూడోసారి కూడా ఆ పేరు అక్కడే ఉంది. ఆమెకు పట్టరానంత గర్వం కలిగింది. ఆ గర్వాన్ని కొంగు చాటున దాచుకుని ఇంటికి నడిచింది.

షబ్బీర్ పద్ధతి గల మనిషి. పని కాగానే చేయించుకున్నవాళ్ళకు తెలుగులో మెసేజ్ పంపుతాడు. ఫోను నెంబరు కోసం వెతికి, సైటులోనూ మెసేజుకూ కారం పొట్లం మీదున్న నెంబరే వేశాడు. అది యల్లమంద నెంబరు.

టీ కొట్టు దగ్గర యల్లమంద ఫోను మోగింది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోవడంతో ఫోనును బారెడు దూరం పెట్టి చూశాడు, కనిపించలేదు. పక్కనున్న బావ త్రికోటేశ్వరరావుకు ఇచ్చి చదవమన్నాడు. త్రికోటేశ్వరరావు ఆయన అక్క మొగుడు. నడికుడిలో కాపురం, స్థలాల బేరాలు వృత్తి. గురజాల నుంచి మాచర్ల దాకా ఏ జాగా చేతులు మారినా ముందుగా వాసన పట్టే మనిషి. ఆయన గొంతు వేలంపాటల్లో తయారైంది. అదే గొంతుతో చదివాడు.

"శుభాకాంక్షలు! సీతమ్మ గారి పేరు మీద సైటు రిజిస్ట్రేషన్ పూర్తయింది. శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ఓపెనింగ్."

టీ కొట్టులో అందరూ ఇటు తిరిగారు. మన వైపు సైటు అనే మాటకు ఒకటే అర్థం, నాలుగు రాళ్ళు పాతిన జాగా. ఇంకో అర్థం కూడా ఉందని ఎవడైనా చెబితే వాడికి జాగా లేదని లెక్క.

"ఒరేయ్ యల్లమందా! చెల్లెమ్మ పేరు మీద సైటు కొన్నావంట్రా? సొంత బావని, ఈ పనిలోనే ఉన్నోణ్ణి, నాకు మాట మాత్రం చెప్పలా!" అన్నాడు త్రికోటేశ్వరరావు.

యల్లమంద ఇరుకున పడ్డాడు. తనకు తెలియదని చెబితే పెళ్ళాం సంగతి మొగుడికే తెలియదంటారు. తెలుసని చెబితే ఎక్కడో చెప్పాలి. "ఏదో... చిన్నదేలే బావా. మంచి రోజు చూసి చెబుదామనుకున్నా," అని టీ సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

సీతమ్మ అనుకున్నట్టే తొడిమలు తీస్తూ ఉంది.

"ఏమే, మెసేజ్ వచ్చింది," అన్నాడు.

సీతమ్మ తొడిమ తీయడం ఆపింది. తెలిసిపోయింది! ఇక దాచి లాభం లేదు. "వచ్చిందా? వస్తే రానీ. నా పేరు మీదే పెట్టిచ్చా. తప్పా?"

"తప్పని ఎవరన్నారే? నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే నీ ఫొటో పెట్టమంటావు."

యల్లమంద కాదనలేకపోయాడు. జాగా కొంటే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టకుండా ఎలా ఉంటాడు? "సరేలే. ఇంతకీ యాడ ఉంది సైటు?"

"సింగపూర్లో ఉంటదంట."

యల్లమంద ఎండుమిరపకాయల బస్తా మీద కూలబడి వరుసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. "సింగపూరా?"

"మనూళ్ళో పెడితే కరెంటు పోతది గదయ్యా. ఆడైతే పోదంట. ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటదంట."

"పెద్దదా?"

"నాకు పెద్దదెందుకు? నాలుగు పేజీలు."

దస్తావేజు నాలుగు పేజీల్లో అయిపోయిందంటే తగాదాలు లేని జాగా అయి ఉంటుందని యల్లమంద లోపల లెక్క వేసుకున్నాడు. "మరి అంత దూరాన దాన్ని చూసేదెవరే?"

"షబ్బీరు చూసుకుంటాడు. ఏడాదికోసారి రెన్యువల్ చేయిస్తే చాలంట."

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాం తనకు తెలియకుండా సింగపూర్లో స్థలం కొన్నదని యల్లమందకు నిజంగానే బాధ కలిగింది. ఆ బాధ ఓ పది నిమిషాలుంది. ఆ తర్వాత, సింగపూర్లో స్థలమున్న మనిషి ఈ మండలం మొత్తానికి తనొక్కడేనని తట్టింది. ఇక కాలు ఇంట్లో నిలవలేదు.

పొద్దు గూకే లోపల సంగతి నడికుడి దాటింది. సొసైటీ ఆఫీసులో ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే గుమాస్తా ఆ రోజు కుర్చీ తుడిచి వేశాడు. ఏనాడూ ఫోనెత్తని మండల నాయకుడొకడు తనే ఫోను చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. "అదేం పెద్ద విషయం కాదన్నా, ఏదో మా ఆవిడ ముచ్చటపడితే..." అని యల్లమంద పదహారు మందికి పదహారు సార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ స్థలం కొంత పెరిగింది.

గురువారం త్రికోటేశ్వరరావు వచ్చి నేరుగా వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. సీతమ్మ మిరపకాయలు వేయిస్తోంది. ఆయన కండువాతో ముక్కు మూసుకుని, జాగా పాత దస్తావేజుల దగ్గర్నుంచి విచారణ మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నయ్యా?"

మొగుడు ఈయనకు అంతా చెప్పే ఉంటాడని సీతమ్మ అనుకుంది. "లింకు ఉందన్నయ్యా. రేపు ఓపెనింగ్ కాగానే షబ్బీరు అందరికీ పంపుతాడు."

"అందరికీనా!"

"అందరికీ పోతేనేగా జనం వచ్చేది? ఎవరైనా లోపలికి రావచ్చు."

"గేటు పెట్టలా?"

"గేటు వద్దనేగా యాప్ మానుకుంది."

ఆ మాట త్రికోటేశ్వరరావుకు బోధపడలేదు. "పోనీ గోడన్నా ఉందా?"

"ఏదో గోడ పెట్టానన్నాడు, దొంగలు పడకుండా. అయినా ఎంతమంది వస్తే మనకంత మంచిది గదన్నయ్యా."

త్రికోటేశ్వరరావు చెమట తుడుచుకుంటూ వీధిలోకి వచ్చాడు. ఆయన అనుభవంలో ఇంత అన్యాయంగా వదిలేసిన స్థలం ఇంకొకటి లేదు. గేటు లేదు, పత్రాలు ఊరందరికీ పంచుతారట, వచ్చేవాళ్ళను రానిస్తారట. కబ్జా కాకుండా ఉంటుందా? ఓపెనింగ్ రోజున బలగం కనిపిస్తేనే ఎవడైనా భయపడేది. అరుగు మీద నిలబడే శావల్యాపురం నుంచి మాచర్ల దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. "రేపు పదకొండింటికల్లా అందరూ యల్లమంద ఇంటికాడ ఉండాల. మన బలం చూపియ్యాల!"

అదే సమయంలో యల్లమంద ఫ్లెక్సీ కొట్టు దగ్గర ఉన్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికే వాకిలి నిండింది. శావల్యాపురం నుంచి యల్లమంద చిన్నాన్న గడ్డపార భుజాన వేసుకుని, నాలుగు హద్దురాళ్ళు ఆటోలో ఎక్కించుకుని దిగాడు. మాచర్ల మేనత్త స్వెట్టరు తొడుక్కుని, పైన శాలువా కప్పుకుని వచ్చింది. సింగపూర్లో చలి ఎక్కువని ఆమెకెవరో చెప్పారట. మిగిలినవాళ్ళు, "బస్సు ఎన్నింటికి? సాయంత్రానికి తిరిగొస్తామా? గేదెలకి మేతెయ్యాల," అని ఒకరినొకరు అడుగుతున్నారు.

సీతమ్మ గుమ్మంలోకి వచ్చి ఆ జనాన్ని చూసి నిలబడిపోయింది. తన సైటు కోసం, తన పేరు కోసం ఇంతమందా! ముప్పై ఏళ్ళలో తన కోసమంటూ ఒక్కరూ రాలేదు. ఆమె కళ్ళు చెమర్చాయి. వెంటనే రెండు పొయ్యిలు వెలిగించి వాయి తర్వాత వాయి ఇడ్లీలు దించింది. నాలుగు రకాల కారాలు, నెయ్యి పెట్టి నలభై మందికీ కడుపునిండా వడ్డించింది. గడ్డపార చిన్నాన్న తొమ్మిది తిన్నాడు. మేనత్త వెల్లుల్లి కారం దెబ్బకు చెమటలు పట్టి స్వెట్టరు విప్పేసింది.

ఎంగిలి విస్తళ్ళు పారేయడానికి వీధిలోకి వెళ్ళినప్పుడు సీతమ్మకు ఫ్లెక్సీ కనిపించింది. ‘సింగపూర్‌లో సైటు సాధించిన శ్రీ యల్లమంద గారికి శుభాకాంక్షలు’. దాని కింద నిలువెత్తు యల్లమంద, రెండు చేతులూ జోడించి. ఆమె పై నుంచి కింద దాకా రెండుసార్లు చదివింది. ఫ్లెక్సీ వేసిన కొట్టు పేరు కూడా ఉంది గానీ తన పేరు లేదు. విస్తళ్ళు అక్కడే పడేసి లోపలికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే షబ్బీర్ వచ్చాడు. జనాన్ని చూసి, "అబ్బో, ఓపెనింగ్‌కి చానా మందిని పిలిచారు పిన్నీ!" అన్నాడు.

త్రికోటేశ్వరరావు ముందుకొచ్చాడు. "ముందు పత్రాలు తియ్యబ్బాయ్. తర్వాత సైటు చూపిద్దువు గాని."

"పత్రాలేంది? సైటు ఇదే," అని షబ్బీర్ ఫోను చూపించాడు.

నలభై తలలు ఫోను మీదకు వంగాయి. మిరపకాయలు కనిపించాయి. ఒకరి తర్వాత ఒకరు కళ్ళు చిట్లించి చూశారు. చివరికి చిన్నాన్న గడ్డపార దించి, "మరి ఇందులో రాళ్ళు యాడ పాతాల?" అని అడిగాడు.

షబ్బీర్ విషయం అర్థమై, నవ్వు ఆపుకుంటూ అంతా విడమరిచి చెప్పాడు. సింగపూర్లో ఉన్నది జాగా కాదు, ఈ పేజీలను దాచిపెట్టే కంప్యూటరని చెప్పాడు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత వాకిలంతా నవ్వింది. ఆ నవ్వంతా యల్లమంద వైపు తిరిగింది. "సింగపూరు జమీందారు గారూ, బస్సెప్పుడు?" అని ఎవరో అరిచారు.

యల్లమంద ముఖం మిరపకాయల కంటే ఎర్రబడింది. షబ్బీర్ చేతిలో ఫోను లాక్కుని పైకీ కిందకీ జరిపి చూశాడు. నాలుగు పేజీల్లో ఎక్కడా తన ఫొటో లేదు, తన పేరు లేదు. "షబ్బీరూ, ఆపేయ్ దీన్ని! ఊరంతా నవ్వుతన్నారు. యాప్ చేయిద్దాం, లేకపోతే ఇందులోనే పేరు మార్చు!"

"మార్చొద్దు."

సీతమ్మ గొంతు అంత గట్టిగా ఉంటుందని చుట్టాలెవరికీ తెలియదు. "పదకొండేళ్ళు ఈ కారానికి మండింది నా చేతులు. నీ చేతులు జోడిచ్చినయ్యి, అంతే. పొలం నీ పేరు, ఇల్లు నీ పేరు, బయట కట్టిన ఆ గుడ్డ కూడా నీ పేరే. ఈ ఒక్కటి నా పేరు. సింగపూర్లో ఉండనీ, ఫోన్లో ఉండనీ, ఇది నాది. దీన్ని మారిస్తే రేపటి నుంచి రోకలి నువ్వే పట్టుకో!"

వాకిట్లో నవ్వు ఆగిపోయింది. మాచర్ల మేనత్త లేచి వచ్చి సీతమ్మ పక్కన నిలబడింది. "ఒరేయ్ షబ్బీరూ, ఆ వెల్లుల్లి కారం నాకు రెండు పొట్లాలు కావాల. యాడ నొక్కాలో చూపియ్యి," అంది.

షబ్బీర్ అందరికీ లింకు పంపాడు. ఎవరూ ఏదీ దించుకోనక్కర్లేకపోయింది. నలభై మందీ ఒక్కసారే నొక్కారు. నొక్కి ఊరుకోకుండా కూతుళ్ళకు, వియ్యపురాళ్ళకు, పెళ్ళిళ్ళ గ్రూపులకు పంపారు. రెండు నిమిషాల్లో అన్ని ఫోన్లలోనూ తెల్లటి తెర మిగిలింది.

"సైటు పడిపోయింది," అన్నాడు షబ్బీర్ దిగులుగా.

"పల్లపు జాగా అని నేను ముందే అనుకున్నా," అన్నాడు త్రికోటేశ్వరరావు. ఇంత జరిగినా ఆయన తేరుకోలేదు.

షబ్బీర్ పావుగంట తంటాలు పడి మళ్ళీ నిలబెట్టాడు. నిలబెట్టిన కాసేపటికే యల్లమంద జేబులో ఫోను మోగింది. తెలియని నెంబరు. ఫోను మాట్లాడితే నలుగురికీ వినపడాలన్నది ఆయన అలవాటు, అలవాటు కొద్దీ స్పీకరు నొక్కాడు. అవతల ఒక ఆడగొంతు.

"హలో, సీతమ్మ గారేనాండీ? మాది కర్నూలు. మా మరదలు ఇప్పుడే లింకు పంపింది. మా అమ్మది గురజాలండీ. అమ్మ పోయినాక మళ్ళా అట్లాంటి కారం తినలేదు. సైటులో ఇంట్లోనే దంచుతారని రాశారు. నిజంగా మీ చేత్తోనే దంచుతారా?"

వాకిలంతా యల్లమంద వైపే చూస్తోంది. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర పదకొండేళ్ళుగా ఒకటే జవాబుంది. "ఆఁ, మనదేగా!" అనేవాడు. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఎదురుగా సీతమ్మ నిలబడి ఉంది, కారం అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఆ చేతులు గోళ్ళ దాకా ఎర్రగా ఉన్నాయి. రోజూ చూసే చేతులే. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎక్కడి కర్నూలు మనిషో తన భార్యను వెతుక్కుంటూ ఫోను చేసిందన్న గర్వం కూడా వచ్చింది.

"నా చేతులు కాదమ్మా," అన్నాడు గొంతు సవరించుకుని. "సీతమ్మ గారివి. నేను వాళ్ళ ఆయన్ని. పక్కనే ఉన్నారు, ఉండు, ఇస్తన్నా."

ముప్పై ఏళ్ళలో ఆయన నోట ‘సీతమ్మ గారు’ అన్న మాట రావడం అదే మొదలు. ఫోనును రెండు చేతులతో పట్టి అందించాడు. సీతమ్మ అందుకుని, తల ఎత్తి, నలభై మంది చుట్టాల ముందు నిటారుగా నిలబడింది.

"నేనేనమ్మా, సీతమ్మని. చెప్పు తల్లీ," అంది.

ఆ ఫోను పెట్టగానే ఇంకొకటి, అది పెట్టగానే మరొకటి వచ్చింది. ఆ నెంబరున్న ఫోను మళ్ళీ యల్లమంద చేతికి రాలేదు. ఆయనతో మాట్లాడదలచుకున్నవాళ్ళు ఇప్పుడు ముందుగా సీతమ్మ గారికి ఫోను చేసి, ఆమెకు తీరికుంటే ఆయన్ని పిలవమని అడుగుతున్నారు.